గ్రాముకు నాలుగు నిమిషాలు

మన సైకిలు పందేలవాళ్ళు దేశంలో అందరికన్నా వెనక ఎందుకు వస్తున్నారో తెలుసుకుందామని దీర్ఘశ్రమ క్రీడల సంస్థ సంచాలకులు నిడుమోలు పురుషోత్తమరావు గారు పదకొండు రోజులు విదేశాలు తిరిగొచ్చారు. అక్కడెక్కడో ఒక పందెం దగ్గర గొడుగు కింద కూర్చుని చూస్తే, సైకిళ్ళ మీద పోతున్న దొరలందరి కాళ్ళూ వెన్న రాసినట్టు నున్నగా ఉన్నాయట. ఒక్కడి పిక్క మీదా ఒక్క వెంట్రుక లేదట. వాళ్ళ కింద ఉన్న రోడ్డు ఆయన చూడలేదు. వాళ్ళు తినే తిండీ చూడలేదు. ఆ సైకిలు ఒక్కటి అమ్మితే మన దగ్గర డాబా ఇల్లు లేస్తుందన్న సంగతి ఆయనకు తట్టనే లేదు. కాళ్ళు చూశారు, రోగం తెలిసిపోయిందన్నారు, విమానం ఎక్కేశారు.

దిగిన మర్నాడే సర్క్యులర్ పుట్టింది. “ఇందుమూలముగా సమస్త దీర్ఘశ్రమ క్రీడాకారులకు తెలియజేయడమేమనగా, శరీర కేశములు గాలిని అడ్డగించి రాష్ట్ర క్రీడా పురోగతికి ఆటంకము కలిగించుచున్నట్లు గుర్తించబడినది. కావున సదరు కేశములను సంస్థ నియమించిన కేశ నివారణాధికారి సమక్షమున తొలగింపజేసుకొని, తొలగించిన కేశముల బరువును గ్రాములలో నమోదు చేయించి, ధ్రువపత్రమును దరఖాస్తునకు జతపరచవలెను.” కింద సంతకం, సీలు. సంస్థకు పధ్నాలుగేళ్ళుగా గాలి కొట్టే పంపు కొనడానికి దిక్కులేదు గాని, కేశ నివారణకు ప్రత్యేక విభాగం వారంలో వెలిసింది.

ఈ గొడవేదీ తెలియక సూరాడ ఎల్లాజీ ఆ సోమవారం పొద్దున్నే సంస్థ ఆఫీసుకు వచ్చాడు. వచ్చింది ఎంపిక ఉత్తరం తీసుకోవడానికి. పదిరోజుల కిందట జరిగిన రాష్ట్ర పందెంలో నూట ఇరవై కిలోమీటర్లు రెండు గంటల యాభై ఎనిమిది నిమిషాల్లో తొక్కి మొదటివాడుగా వచ్చాడు. రెండో కుర్రాడు వచ్చేసరికి మనవాడు నీళ్ళు తాగి, చొక్కా పిండుకుని, చెట్టు నీడన కూర్చున్నాడు.

ఎల్లాజీకి సైకిలు ఎవరూ నేర్పలేదు, ఐసు నేర్పింది. చింతరేవులో పడవ దిగిన చేపల్ని తట్టలో ఐసు కింద పెట్టి, ముప్ఫై ఒక్క కిలోమీటర్లు తొక్కుకుంటూ పట్నం బజారుకు చేర్చాలి. ఐసు కరిగేలోపు చేరితే చేప, తర్వాత చేరితే ఎరువు. తండ్రి సముద్రంలో పోయినప్పటి నుంచీ, అంటే పదమూడో ఏటి నుంచీ అదే పని. పట్నంలో సంస్థ కోచ్ ఇమ్మానుయేలు మాస్టారు ఒకరోజు స్కూటరు మీద పోతుంటే, చేపల తట్టతో ఒక కుర్రాడు ఆయన్ని దాటి పోయాడు. ఆ పోయినవాణ్ణి పట్టుకోవడానికి మాస్టారికి రెండు సిగ్నళ్ళు పట్టింది. అలా మొదలైంది ఈ పందేల వ్యవహారం.

అసలు సంగతి పందెం కాదు, ఉద్యోగం. జాతీయ పందెంలో పాల్గొన్నవాడికి ఇరవై అయిదేళ్ళు నిండేలోపు అయితే అటవీశాఖలో బీటు ఆఫీసరు పోస్టు ఇస్తారు. ఎల్లాజీకి వచ్చే శ్రావణానికి ఇరవై అయిదు నిండుతాయి. తల్లి బంగారమ్మ పాతికేళ్ళు చేపల గంప నెత్తిన మోసి మోసి మెడ ఎముకలు అరగదీసుకుంది. ఇప్పుడు తల కుడివైపుకి తిరగదు. ఎవరైనా కుడివైపునుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి. ఇంక గంప ఎత్తితే చెయ్యి పడిపోతుందని డాక్టరు చెప్పాడు. ఆవిడ విని, తలూపి, మర్నాడు గంప ఎత్తింది. ఎల్లాజీ ఉద్యోగం వస్తే గాని ఆ గంప దిగదు.

సూపరింటెండెంట్ పద్మనాభం ఎల్లాజీ దరఖాస్తు తిరగేసి, ధ్రువపత్రం ఏదని అడిగాడు. ఎల్లాజీ అర్థం కాక నిలబడితే సర్క్యులర్ చదివి వినిపించాడు. ఎల్లాజీ విని, లుంగీ మోకాళ్ళ దాకా ఎత్తి చూపించాడు. “నాకు కాళ్ళకి ఎంట్రుకలు నేవండి బాబూ. మా అయ్యకీ నేవు. మా తాతకైతే మీసవే నేదు.”

నిజమే. ఆ కాళ్ళు చేపపొట్టలా నున్నగా ఉన్నాయి. విదేశాల్లో సంచాలకుల వారు చూసి మురిసిన కాళ్ళు ఇంతకన్నా నున్నగా ఉండి ఉండవు. పద్మనాభం కళ్ళజోడు సర్దుకుని శ్రద్ధగా చూసి, లేకపోవడం వేరు, తొలగించడం వేరు అన్నాడు. నిబంధనలో ‘తొలగించిన’ అని ఉంది గాని ‘లేని’ అని లేదు. పక్క గదికి వెళ్ళమన్నాడు.

పక్క గదిలో కేశ నివారణాధికారి ధనరాజు ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళు రైల్వే గేటు దగ్గర సెలూను నడిపిన మనిషి. టెండరు వేస్తే తగిలింది. బల్ల, కుర్చీ, తెల్లకోటు ఇచ్చారు. ముందు కంసాలి త్రాసు, పక్కన రిజిస్టరు. ధనరాజు ఎల్లాజీ కాలిని వెలుతురుకు తిప్పి చూశాడు, అరచేత్తో రాసి చూశాడు, నీళ్ళు చల్లి కత్తి కూడా వేసి చూశాడు. నురగ వచ్చింది గాని మరేమీ రాలేదు. నా సర్వీసులో ఇంత పని లేని కాలు చూడలేదని పాపం ఒప్పుకున్నాడు.

అక్కడే వచ్చింది చిక్కు. ఫారంలో రెండే గళ్ళు. ‘తొలగించబడినది’ అని ఒకటి, ‘తొలగింపునకు నిరాకరించెను’ అని ఒకటి. మొదటి గడిలో టిక్కు పెడితే బరువు రాయాలి, సున్నా రాస్తే రిజిస్టరు ఒప్పుకోదు. కొత్తగా వచ్చిన ఉద్యోగం, పెళ్ళాం బిడ్డలు గలవాడు, ధనరాజు ఏం చేస్తాడు. రెండో గడిలో టిక్కు పెట్టాడు.

నాలుగో రోజుకి ఎల్లాజీకి నోటీసు వచ్చింది. శరీర కేశములను తొలగించుకొనుటకు నిరాకరించి, వాటిని మొండిగా తన వద్దనే ఉంచుకొనుటకు కారణమేమో ఏడు దినములలో తెలుపవలెనట. ఇమ్మానుయేలు మాస్టారు నెత్తి కొట్టుకుని, ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళి, ఈ యువకుని శరీరముపై కేశములు లేవు అని పెద్ద డాక్టరు చేత రాయించి సంతకం పెట్టించాడు. ఆ కాగితం పట్టుకుని ఇద్దరూ ఆఫీసుకు వెళ్ళారు. పద్మనాభం చదివి పెదవి విరిచాడు. కేశములు లేవంటే ఎవరో తీసేశారన్నమాట. సంస్థ ఆమోదం లేని చోట తీయించుకోవడం తొమ్మిదో నిబంధన కింద నేరం. దీనికి వేరే నోటీసు పంపుతామన్నాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటే ఇదే.

“ఈ గుంటడు పుట్టుకతోనే మీ సర్క్యులర్ పాటించాడు గదయ్యా,” అన్నాడు మాస్టారు.

“సర్క్యులర్ రాకముందు పాటించడం పాటించడం కిందికి రాదు,” అన్నాడు పద్మనాభం. పాపం అతనికి వెటకారం తెలియదు. ఆఫీసులో ఇరవై రెండేళ్ళు పనిచేశాడు.

అంతటితో ఆగినా బాగుండేది. మన వాళ్ళు ఏ పనీ మొదలుపెట్టరు, పెడితే మాత్రం అడుగంటేదాకా వదలరు. వెంట్రుకలు తీస్తే వేగం పెరుగుతుందని సర్క్యులర్‌లో ఉంది కదా, ఎంత పెరుగుతుందని ఒక పత్రికాయన అడిగాడు. సంచాలకుల వారు వెంటనే సాంకేతిక కమిటీ వేశారు. కమిటీలో ముగ్గురు. ఒకాయన గ్రాముకు రెండు నిమిషాలన్నాడు, ఒకాయన ఆరన్నాడు, మూడో ఆయన టిఫిను ఎప్పుడన్నాడు. ఎవరినీ నొప్పించకుండా గ్రాముకు నాలుగు నిమిషాలని తీర్మానించి ఉప్మా తిన్నారు.

తీర్మానం అయ్యాక దాన్ని అమలు చెయ్యాలి. పాత పందెం ఫలితాలను సవరించారు. ఎవరెన్ని గ్రాములు తీయించుకున్నారో చూసి, గ్రాముకు నాలుగు నిమిషాల చొప్పున వాళ్ళ కాలంలోంచి తగ్గించారు. మూడు గంటల నాలుగు నిమిషాల్లో వచ్చిన రెండో కుర్రాడు అయిదు గ్రాములవాడు, రెండు గంటల నలభై నాలుగుకు దిగాడు. మధ్యలో గొలుసు తెగి సైకిలు భుజాన వేసుకొచ్చిన ఒకడు పదకొండు గ్రాములతో పై వరసలోకి ఎగబాకాడు. ఎల్లాజీ సున్నా గ్రాములవాడు గనక ఎక్కడివాడు అక్కడే ఉన్నాడు, మిగతావాళ్ళందరూ అతని మీదుగా పోయారు. ఫలితాల ఫలకం మీద పధ్నాలుగో పేరు అతనిది. జట్టులోకి తీసుకునేది ఆరుగురిని.

ఎల్లాజీ ఆ ఫలకం ముందు చాలాసేపు నిలబడ్డాడు. తను తొక్కిన నూట ఇరవై కిలోమీటర్లలో ఏ కిలోమీటరు దగ్గర ఈ పదముగ్గురూ తనను దాటారో గుర్తు తెచ్చుకుందామని చూశాడట, పిచ్చివాడు.

ఆపైన జరిగినది చెబితే నమ్మరు గాని చెప్పకా తప్పదు. కుర్రాళ్ళు సైకిళ్ళు గోడకు ఆనించేశారు. ఇంక తొక్కి ఏం లాభం? రోజంతా చెమటోడ్చినా ఒక్క నిమిషం తగ్గదు, ఒక్క గ్రాము మొలిస్తే నాలుగు తగ్గుతాయి. పట్నంలో గుంటగలగరాకు నూనె దొరకడం మానేసింది. ఆముదం పట్టించుకుని రగ్గులు కప్పుకుని ఎండలో పడుకునేవారు కొందరు, ఉల్లిపాయలు రుద్దుకునేవారు కొందరు. మైదానంలో అడుగుపెడితే పులుసు పెట్టిన వాసన. ఇమ్మానుయేలు మాస్టారు పొద్దున్నే ఈల ఊదితే ఒక్క ఎల్లాజీ వచ్చేవాడు. మిగతావాళ్ళు, కదిలితే వెంట్రుకలు రాలతాయి మాస్టారూ అని కబురు పంపేవారు.

ఇదంతా చూసి సంచాలకుల వారికి మరో జ్ఞానోదయమైంది. తూకమే కాలమైనప్పుడు ఇంక తొక్కడమెందుకు? తుది ఎంపికకు రోడ్డు మూయించడం, పోలీసు బందోబస్తు, అంబులెన్సు, అంతా దండగ. కావున తుది ఎంపిక తూనిక ద్వారా జరుపబడును. పందెంలో ఇప్పటికే తొక్కినవారికి వారి కాలమే లెక్క, తొక్కనివారికి ప్రామాణిక కాలము మూడున్నర గంటలు. ఇది సమానావకాశమట.

తూనిక రోజు మైదానంలో షామియానా వేశారు. మధ్యలో బల్ల, బల్ల మీద త్రాసు. వేదిక మీద సంచాలకుల వారు, కమిటీ, పూలదండలు. ఆఫీసు అటెండరు తవిటినాయుడు చొక్కా చేతులు పైకి మడిచి అందరికీ టీలు అందిస్తున్నాడు. మంచి మనిషి, ఒకరి జోలికి పోడు. దేవుడు అతనికి జుట్టు ఇవ్వడంలో మాత్రం చెయ్యి వెనక్కి తియ్యలేదు. వేళ్ళ కణుపుల నుంచి చెవుల దాకా, మెడ వెనక నుంచి మడమల దాకా ఎక్కడా ఖాళీ లేదు. టీ అందుకోబోయిన సంచాలకుల వారు ఆ ముంజేతిని చూసి కప్పు వదిలేశారు. ఆ చేతిని అలాగే పట్టుకుని లేచి నిలబడ్డారు. ఇన్నాళ్ళూ ఇంత ప్రతిభ మన ఆఫీసులో టీలు మోస్తోందా అని కమిటీని పిలిచి మరీ చూపించారు.

తవిటినాయుడు వద్దు బాబో అంటున్నా వినకుండా కుర్చీలో కూర్చోబెట్టారు. ధనరాజు రెండు కత్తులు మార్చాడు. గంటన్నర పట్టింది. త్రాసు అరవై ఒక్క గ్రాములు చూపింది. గ్రాముకు నాలుగు నిమిషాల చొప్పున రెండు వందల నలభై నాలుగు నిమిషాలు, ప్రామాణిక కాలం రెండు వందల పది. పద్మనాభం తీసివేత వేసి, తుడిచి మళ్ళీ వేసి, మైకులో చదివాడు. తవిటినాయుడి కాలం మైనస్ ముప్ఫై నాలుగు నిమిషాలు. అంటే పందెం మొదలవడానికి ముప్ఫై నాలుగు నిమిషాల ముందే అతను గమ్యం చేరతాడు. కమిటీలో ఒకాయన, మొదలవకముందే ఎలా చేరతాడండీ అని నసిగాడు. అభివృద్ధి చెందిన దేశాల్లో ఇలాంటి సందేహాలు రావన్నారు సంచాలకుల వారు. అందరూ చప్పట్లు కొట్టారు. తవిటినాయుడు ఒళ్ళంతా మంటగా ఉందని మెల్లిగా ఎల్లాజీతో చెప్పి, “నాకు సైకిలు తొక్కడం రాదు బాబూ, ఈళ్ళకి నువ్వైనా సెప్పు,” అని బతిమాలాడు.

జట్టులో అయిదు చోట్లు నిండాయి. ఆరో దానికి శుక్రవారం దాకా గడువిచ్చారు. శుక్రవారం దాటితే శ్రావణం దగ్గరపడిపోతుంది, శ్రావణం దాటితే ఉద్యోగం లేదు. ఎల్లాజీ ఇంటికొచ్చి, గోడకు చేరగిలబడి, జరిగింది తల్లికి చెప్పాడు. బంగారమ్మ చేపలు తోముతూ వింది. ఆఫీసోళ్ళకి ఎంట్రుకలెందుకురా అని ఒకసారి, దాంతో ఏటి సేత్తారు అని ఒకసారి అడిగింది. తూకమేస్తారని చెప్పాడు.

గురువారం మధ్యాహ్నం అతను బజారు నుంచి తిరిగొచ్చేసరికి ఆవిడ అరుగు మీద కూర్చుని ఉంది. నెత్తిన కొంగు బిగించి కట్టుకుంది. పక్కన అరిటాకులో రెండడుగుల జడ, చివర నల్లదారం అలాగే ఉంది. కొబ్బరినూనె రాసి దువ్వి అల్లాక మొదలంటా గొరిగించినట్టుంది. అక్కడక్కడ తెల్ల వెంట్రుకలు. ఎల్లాజీ సైకిలు వదిలేసి వచ్చి అరుగు కింద కూర్చున్నాడు. ఏం పనమ్మా ఇది అన్నాడు.

“ఎవులైనా అడిగితే సిమ్మాచలం మొక్కని సెప్తాను. దేవుడు కూడా ఊరుకుంతాడు,” అంది బంగారమ్మ. “గంప కింద పెట్టుకోడానికి చుట్టకుదురుంది గదా. జుత్తెందుకు నాకు?”

అతను ఏడ్చాడు. ఆవిడ ఏడవలేదు. గంప దించుకోవాలంటే ఏదో ఒకటి ఎత్తాలి కదా అనుకుందేమో.

శుక్రవారం ఉదయం ధనరాజు ఆ జడ విప్పి త్రాసులో వేశాడు. కొబ్బరినూనె వాసన గదంతా పరుచుకుంది. ముప్ఫై ఏళ్ళ సెలూను మనిషి, ఏది ఎవరి జుట్టో అతనికి చెప్పాలా? కళ్ళెత్తి ఎల్లాజీని చూశాడు. అమ్మదా అన్నాడు నెమ్మదిగా. ఎల్లాజీ తల వంచుకున్నాడు. ధనరాజు రిజిస్టరు లాక్కుని రాశాడు. ఎడమ కాలు ముప్ఫై ఒక్క గ్రాములు, కుడి కాలు ముప్ఫై ఒక్క గ్రాములు. అన్నం తిన్నాడో లేదో గాని ఆ రోజు టీ తాగలేదట.

పద్మనాభం ఆ వెంట్రుకల్లో ఒకటి పైకి లాగి చూశాడు. రెండడుగుల కాలి వెంట్రుక! ఎవడికైనా అనుమానం రావాలి. అతనికీ వచ్చింది. ఫారంలో పొడవుకు గడి లేదు కదా, ఎక్కడ రాయాలని వచ్చింది. లేదు గనక రాయనక్కర్లేదని తేల్చుకుని, బరువు వేసి, కాలం కట్టాడు. రెండు గంటల యాభై ఎనిమిదిలోంచి రెండు వందల నలభై ఎనిమిది నిమిషాలు పోతే మైనస్ గంటా పది నిమిషాలు. ఎల్లాజీ రాష్ట్రంలో మొదటివాడయ్యాడు. బోడిగుండుకీ మోకాలికీ ముడి పెట్టడమని పెద్దలు ఊరికే అంటారనుకున్నాం గాని, దానికి సీలు కూడా వేసిచ్చారు.

జాతీయ పందెం పక్క రాష్ట్రంలో. జట్టు రైల్లో వెళ్ళింది. కోచ్‌గా ఇమ్మానుయేలు మాస్టారిని పంపలేదు, ఆయన ఛాతీ మీది జుట్టు తూకానికి ఇవ్వనన్నందుకు క్రమశిక్షణ చర్యలో ఉన్నాడు. మాస్టారు టిక్కెట్టు కొనుక్కుని, జనరల్ పెట్టెలో, తన పాత సైకిలు చక్రాలు ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. పందెం గీత దగ్గర ఆ చక్రాలు ఎల్లాజీ సైకిలుకు తొడిగాడు.

తుపాకి పేలింది. మన జట్టులో ముగ్గురు ముప్ఫయ్యో కిలోమీటరు దగ్గర రొప్పుతూ దిగిపోయారు. రెండు నెలలుగా రగ్గు కింద పడుకున్న కాళ్ళు, ఎలా తిరుగుతాయి? నాలుగోవాడు కాలువలో పడ్డాడు. తవిటినాయుడు మాత్రం సైకిలు ఎక్కనే లేదు. తాను ముప్ఫై నాలుగు నిమిషాల కిందటే చేరినట్టు కాగితం ఉందని నిర్వాహకులకు చూపించి, వాళ్ళు నవ్వితే తనూ నవ్వి, టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాడు. జట్టంతటికీ తెలివైనవాడు అతనొక్కడే.

ఎల్లాజీ తొక్కాడు. ఎదురుగాలి వచ్చింది, ఏటి గట్టున వానొచ్చింది, డెబ్భయ్యో కిలోమీటరు దగ్గర గుంపు చీలిపోయి నలుగురు మిగిలారు. ఒక నున్నటి కాళ్ళవాడు, ఒక ఎలుగ్గొడ్డు కాళ్ళవాడు, ఇంకొకడు, ఎల్లాజీ. వెనక తట్టలో ఐసు కరిగిపోతోందనే అనుకున్నాడు. ముప్ఫై ఒక్క కిలోమీటర్లు మిగిలాయని ఫలకం కనబడగానే, ఇంటి నుంచి బజారుకి ఎంతో ఇంతే కదా అనుకుని సైకిలు మీద వంగాడు. మళ్ళీ తల ఎత్తింది గీత దాటాకే. రెండు గంటల యాభై అయిదు నిమిషాలు, దేశంలో మొదటివాడు. రెండోవాడుగా ఎలుగ్గొడ్డు కాళ్ళవాడొచ్చాడు. మాస్టారు రోడ్డు పక్కన మట్టిలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

వారం తర్వాత సంస్థ నుంచి పిలుపొచ్చింది. ఉద్యోగ ఉత్తర్వు ఇస్తారని బంగారమ్మ కూడా ఉతికిన చీర కట్టుకుని, నెత్తిన కొంగుతో, కొడుకు వెంట వచ్చింది. పుట్టినరోజు ఇంకా నాలుగు రోజులుంది. వరండాలో తవిటినాయుడు ఈల మెళ్ళో వేసుకుని సిగ్గుపడుతూ నిలబడ్డాడు. కాగితం మీది రికార్డు చెక్కుచెదరకుండా తిరిగొచ్చినవాడు అతనొక్కడే గనక అతన్ని కోచ్‌ని చేశారు.

లోపల సంచాలకుల వారి ముఖం ముటముటలాడుతోంది. బల్ల మీద ఒకవైపు అటవీశాఖ ఉత్తర్వు, ఒకవైపు టైపు చేసిన కాగితం. ఎల్లాజీ మెడల్ తీసి బల్ల మీద పెడితే ఆయన దాన్ని కాగితం చివరతో అవతలికి జరిపారు.

“పందెం మొదలవడానికి గంటా పది నిమిషాల ముందే నువ్వు గమ్యం చేరినట్టు మా దగ్గర లిఖితపూర్వకంగా ఉంది. ఆ తర్వాత రోడ్డు మీద రెండు గంటల యాభై అయిదు నిమిషాలు ఏం చేశావు?”

“సైకిలు తొక్కినానండి.”

“ఎవరి అనుమతితో?”

మొత్తం నాలుగు గంటల అయిదు నిమిషాల జాప్యం అని పద్మనాభం అందించాడు. సంచాలకుల వారు విషయం వివరించారు. ఈ మెడల్ ఒప్పుకుంటే సంస్థ కట్టిన కాలం తప్పని ఒప్పుకోవాలి, అది తప్పయితే తూనిక తప్పు, తూనిక తప్పయితే సర్క్యులర్ తప్పు. సర్క్యులర్ తప్పు కాదు. అంచేత టైపు చేసిన కాగితం మీద సంతకం పెడితే సరిపోతుంది. పద్మనాభం చదివాడు: “సదరు దినమున నేను ఏ పోటీయందును పాల్గొనలేదనియు, సైకిలుపై సంచరించుట కేవలము నా స్వంత పని మీద జరిగినదనియు ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను.”

బంగారమ్మ మనిషి మొత్తం కుడివైపుకి తిరిగి, ఏటంతన్నారురా అని అడిగింది. ఎల్లాజీ చెప్పాడు. ఎంట్రుకల గురించి అబద్ధం ఆడాను గాని తొక్కలేదని ఎలా రాసేదమ్మా అన్నాడు. ఆవిడ బల్ల మీది ఉత్తర్వు వైపు చూసింది, కొడుకు కాళ్ళ వైపు చూసింది.

“సంతకం ఎట్టెయ్ నాయినా,” అంది. “నువ్వు నెగ్గినావని నాకు తెలుసు. ఈళ్ళకి తెలీకపోతే పోనీ.”

అతను సంతకం పెట్టాడు. పద్మనాభం ఆ కాగితం తీసుకుని, పైకీ కిందికీ చదివి, తేదీ వేసి, సీలు కొట్టి ఫైల్లో పెట్టాడు. తర్వాత అటవీశాఖ ఉత్తర్వు కూడా తీసి అదే ఫైల్లో పెట్టి తాడు కట్టాడు. ఎల్లాజీ చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

“జాతీయ పోటీలో పాల్గొన్నవారికే కదండీ ఉద్యోగం,” అన్నాడు పద్మనాభం, మోసం చేసేవాడిలా కాదు, నిజంగా నొచ్చుకుంటూ. “పాల్గొనలేదని ఇప్పుడే తమరు రాసిచ్చారు.”

సంచాలకుల వారు అప్పటికే వేరే ఫైలు తెరిచారు. ఎల్లాజీ పళ్ళు బిగించి అటు ఒక అడుగు వేస్తే, బంగారమ్మ అతని రెక్క పట్టుకుని ఆపింది. ముందుకొచ్చి నిలబడింది. నెత్తి మీది కొంగు జారి గుండు కనబడినా సర్దుకోలేదు.

“బాబూ, మరో కాయితం రాయండి. ఈడు నా కొడుకు కాడని రాయండి. దాని మీద నాను ఏలిముద్ర ఏస్తాను. దానికేటైనా ఉజ్జోగం ఇస్తారేటో సూసి సెప్పండి.”

పద్మనాభం కళ్ళజోడు సర్దుకుని, నిబంధనల పుస్తకం ముందుకు లాక్కుని, వేలు తడి చేసుకుని పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు. అలాంటిది ఉన్నట్టే గుర్తు, చూడాలి, వచ్చే సోమవారం రండి అన్నాడు.